అడ్డగీతలు

పోయిన వారం మీరు నన్ను టూలీ బెండ్ కమ్యూనిటీ కాలేజీ వెల్డింగ్ షాపు గుమ్మంలో వదిలేసి వెళ్ళారు. నా చేతిలో ఇన్‌స్పెక్టర్ పెట్టె. లోపల మా పాత వెల్డింగ్ మాస్టారు వెండెల్ ఫ్రీటాస్ నాకు వీపు పెట్టి, తన పరీక్షకు తానే ఇనుప ప్లేట్లు తుడుచుకుంటున్నాడు. పరీక్ష పెట్టడానికి ఇ. గిల్ అనే మగమనిషి వస్తాడని అతని నమ్మకం. గిల్ అనేది నా పెళ్ళి తర్వాతి ఇంటిపేరు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే షాపులో నేను ఎల్విరా సాంటోయోని.

ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్ళ కోసం నా పగ కథ క్లుప్తంగా చెప్పేస్తాను. అప్పుడు నాకు ఇరవై నాలుగు. వెల్డింగ్ సర్టిఫికెట్ పరీక్ష శుక్రవారం, సోమవారం ఫ్రెస్నోలో పైపు పనివాళ్ళ యూనియన్ ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ చూపిస్తే ఐదేళ్ళ శిక్షణ, ఆ పైన బతుకంతా ఉద్యోగం. అతికిన ప్లేటును పట్టీలుగా కోసి, సాన పట్టి, యంత్రంలో పెట్టి గుర్రపు నాడాలా వంచుతారు. వంపు మీద అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి పగులు కనబడితే తప్పినట్టు. నేను పట్టీలు సాన పట్టబోతుంటే ఫ్రీటాస్ నా చేతిలోంచి గ్రైండర్ లాక్కుని, గోళ్ళు విరుగుతాయి, వెళ్ళి కూర్చోమన్నాడు. ఇరవై ఇద్దరు మగపిల్లలు పగలబడి నవ్వారు. అతను సాన పట్టి తెచ్చిన పట్టీ వంచీ వంచగానే ఫట్‌మని రెండు ముక్కలైంది. సోమవారం నేను ఫ్రెస్నో వెళ్ళలేదు. టమాటాలు డబ్బాల్లో నింపే క్యానరీలో మా అమ్మ పక్కన బెల్టు ముందు నిలబడ్డాను.

ఆ ముక్కల్లో ఒకటి నేను దాచుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత, హాన్‌ఫర్డ్‌లో పాల ట్యాంకులు చేసే షాపులో పనికి చేరాక, ఒక ముసలి ఫిట్టర్ దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. సాన గీతలు పట్టీకి పొడవునా ఉండాలని, వీటిని ఎవరో అడ్డంగా గీశారని, అడ్డగీత పడిన చోటే ఇనుము నోరు తెరుస్తుందని చెప్పాడు. అమ్మాయ్, నీ అతుకు విరగలేదు, విరగ్గొట్టారు అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇన్‌స్పెక్టర్ లైసెన్సు కోసం చదివాను. జ్ఞానం కోసం చదివానని ఎవరైనా అంటే నమ్మకండి. ఫ్రీటాస్ పట్టీ ఒకరోజు నా యంత్రంలో పడాలని చదివాను.

అతను నా చేతికి ఎలా చిక్కాడో కూడా చెప్పాలి, ఎందుకంటే అది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. వెల్డరు ప్రతి ఆరు నెలలకూ, నేనింకా ఈ పని చేస్తూనే ఉన్నాను అని ఒక కాగితం పంపాలి. పంపకపోతే సర్టిఫికెట్ చచ్చిపోతుంది. ఫ్రీటాస్ ఇరవై రెండేళ్ళుగా వందల మంది పిల్లల కాగితాల మీద సంతకాలు పెట్టి, కవర్లు నాకి, పోస్టులో వేశాడు. తన కాగితం ఒక్కటి మర్చిపోయాడు. సర్టిఫికెట్ లేనివాడు పాఠం చెప్పే చోట పరీక్షా కేంద్రం ఉండకూడదని కాలేజీ నియమం. ఈ శుక్రవారం అతను మళ్ళీ పరీక్ష నెగ్గకపోతే ఉద్యోగం పోతుంది, కేంద్రం మూతబడుతుంది, సోమవారం పరీక్షకు రావాల్సిన ఇరవై ఆరుగురు పిల్లలూ వీధిన పడతారు. ఆ ఇరవై ఆరుగురి సంగతి నేను ఆలోచించానా అంటే, లేదు. ఆ ఉదయం ఆలోచించలేదు.

అలికిడికి వెనక్కి తిరిగాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, పొట్ట మాత్రం అలాగే ఉంది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

“గిల్ రాలేదా?”

“మీ ఎదురుగానే ఉన్నాడు సార్.”

అతని ముఖంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూశాను. ఐదేళ్ళు నేను ఊహించుకున్న దృశ్యం అది. నా ఊహలో కన్నా బాగుంది.

వేరే ఇన్‌స్పెక్టర్ కావాలని అడగవచ్చని అతనికి చెప్పాను. అడిగితే ఇంకో మూడు వారాలు పడుతుందని కూడా చెప్పాను. అతను తోలు కోటు వేసుకుని ముసుగు దించుకున్నాడు.

తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. ప్లేట్లు నిలువుగా బిగించి, కింద నుంచి పైకి అతుకు వేయాలి. నేను రెండడుగుల దూరంలో నా ముసుగులోంచి చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పకపోతే నా కళ్ళు పోతాయి, మొదటి రాడ్ కరిగేదాకా అతుకు చాలా అందంగా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి పని చేతకాక దుర్మార్గుడైనా బాగుండేదని అనిపించింది. అది అయిపోయి రెండో రాడ్ మార్చేటప్పుడు మాత్రం అతని చెయ్యి తడబడింది. ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకోవడంలోనే అసలు పనితనం ఉందని మాకు గొంతు చించుకుని చెప్పినవాడు, అక్కడ అర నిమిషం వెతుక్కున్నాడు. ఎందుకో నాకు అర్థమైంది. పాఠం చెప్పేవాడు మొదటి అంగుళం వేసి చూపించి రాడ్ పిల్లల చేతికి ఇచ్చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అతను మొదటి అంగుళాలు మాత్రమే వేశాడు.

పదకొండున్నరకి ప్లేటు తనంతట తాను చల్లారింది. ఆ ఇరవై ఆరుగురు పిల్లలూ తిండికి వెళ్ళారు, ఒంటిగంటకు గానీ రారు. పట్టీలు కోశాను. అతను గ్రైండర్ కోసం చెయ్యి చాచాడు.

“కూర్చోండి సార్,” అన్నాను. “గోళ్ళు విరుగుతాయి.”

ఆ మాట అతనికి గుర్తుంది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని కూర్చోబెట్టిన ఎత్తు స్టూలు మీద తను వెళ్ళి కూర్చున్నాడు. కాళ్ళు నేలకు అందలేదు.

పట్టీని బిగించాను. గ్రైండర్ ఆన్ చేశాను. ఇక మీకు దాపరికం లేకుండా చెప్తాను. నా చెయ్యి దానంతట అది అడ్డంగా తిరిగింది.  చక్రం ఇంకా ఇనుముకు తగల్లేదు, గాలిలో వెంట్రుక మందం ఎడం ఉంది. ఒక్క సారి నొక్కితే చాలు.

“పొడవునా పట్టు,” అన్నాడు అతను స్టూలు మీద నుంచి.

నేను గ్రైండర్ ఆపాను. ఏమన్నారని అడిగాను. పొడవునా పట్టాలని మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

“ఎందుకు సార్? క్లాసులో చెప్పినట్టు చెప్పండి. నేను మందబుద్ధిని కదా.”

అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. అడ్డంగా గీస్తే వంచినప్పుడు గీత విచ్చుకుంటుందన్నాడు. మంచి అతుకు కూడా విరుగుతుందన్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, బడిలో పట్టుబడ్డవాడిలా అప్పజెప్పాడు.

“ఇది ఎంతమందికి చెప్పి ఉంటారు?”

“అందరికీ. మొదటి వారమే చెప్తాను.”

“నా పట్టీ అడ్డంగా ఎందుకు పట్టారు?”

 అతను కాదంటాడని, నీకేమైనా పిచ్చా అంటాడని నేను సిద్ధంగా ఉన్నాను. అలా అంటే ఏం చెయ్యాలో ఐదేళ్ళుగా వల్లె వేసుకున్నాను. అతను కాదనలేదు.

“పట్టాను,” అన్నాడు. “తెలిసే పట్టాను.”

గ్రైండర్ బల్ల మీద పెట్టేశాను. కోపంతోనే పెట్టాను, ఇంకో అర్థం తీయకండి. మా అమ్మ చనిపోయేటప్పుడు కూడా, నువ్వు ఆ రోజు ఇంకాస్త జాగ్రత్తగా చేసి ఉండాల్సింది మిహా, నా తల్లీ అంది. తప్పు నాదేననుకుని పోయింది మా అమ్మ. ఆ సంగతి అతనికి చెప్పాను. నేను అతనికి చెప్పిన ఒకే ఒక్క సొంత సంగతి అది. చెప్పి గ్రైండర్ మళ్ళీ ఆన్ చేసి, పట్టీలన్నీ పొడవునా సాన పట్టాను.

అది నా మంచితనం అనుకునేవాళ్ళుంటే ఇక్కడే దిద్దుకోండి. నా ఇన్‌స్పెక్టర్ నంబరు ముద్ర కొట్టిన పట్టీ మీద అడ్డగీత ఉంటే రేపు ఎవడో ఒకడు దాన్ని వెలుగులో తిప్పి చూస్తాడు. అప్పుడు నేనూ ఫ్రీటాస్ ఒకటే. అతన్ని పడగొట్టడానికైనా నేను అతనిలా మారను. పైగా రాడ్ మార్చిన చోట ఆ తడబాటు నేను చూశాను. నేను ఏమీ చెయ్యక్కర్లేదని నా మనసులో ఎక్కడో తెలుసు.

పై వైపు పట్టీ నున్నగా వంగింది. చిన్న గీత కూడా పడలేదు. అతను ఊపిరి వదిలాడు. అడుగు వైపు పట్టీ పెట్టి యంత్రం పెడల్ మెల్లగా తొక్కాను. సగం వంగాక, సరిగ్గా రాడ్ మార్చిన చోట, ఇనుము పెదవుల్లా విచ్చుకుంది. బయటికి తీసి కొలిచాను. పావు అంగుళం. మళ్ళీ కొలిచాను. పట్టీని, కొలబద్దను అతని చేతికే ఇచ్చాను. కొలుచుకున్నాడు. గీతల దిక్కు చూశాడు. పొడవునా ఉన్నాయి. తప్పు ఎవరి మీదా వెయ్యడానికి లేదు.

ఆ క్షణం కోసం నేను ఏళ్ళ తరబడి పళ్ళు నూరాను. వచ్చాక తీపిగానే ఉంది, అబద్ధం ఎందుకు. కాగితం తీసి, ఫెయిల్ అన్న గడి పక్కన కలం పెట్టాను.

అప్పుడు అతను స్టూలు దిగాడు.  ఏదో అడగబోయి ఆగిపోయాడు. ఏం అడగబోతున్నాడో నాకు తెలుసు, అందుకే కలం కదపకుండా ఎదురుచూశాను. తప్పినవాడు వెంటనే అక్కడికక్కడే రెండు ప్లేట్లు అతికి, రెండూ నెగ్గితే పాసైనట్టేనని పుస్తకంలో ఉంది. ఆ సంగతి నేను ఇన్‌స్పెక్టర్ పరీక్షకు చదువుతూ తెలుసుకున్నాను. ఆ శుక్రవారం నాకు ఈ మాట చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. ఆ పేజీ చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు.

“అడగండి,” అన్నాను. “నాకు ఆ రోజు అడగాలని తెలియదు. మీకు తెలుసు కదా.”

“ఎల్విరా, రెండో అవకాశం ఇవ్వు.”

“సరిగ్గా అడగండి.”

“దయచేసి ఇవ్వు.” కొలబద్దను బల్ల మీద పెట్టాడు. “నా కోసం కాదు అంటే నువ్వు నవ్వుతావు. నా కోసమే. కానీ సోమవారం ఆ పిల్లలు కూడా ఉన్నారు.”

ఇవ్వాలంటే ఒక షరతు ఉందన్నాను. ఒంటిగంటకు ఆ ఇరవై ఆరుగురు వచ్చాక, వాళ్ళ ముందు నిలబడి, నా పట్టీని ఎలా పాడు చేశాడో, ఎందుకు పాడు చేశాడో చెప్పాలన్నాను. ఎలా అన్నది చెప్తానన్నాడు. ఎందుకు అన్నది మాత్రం వింటే నువ్వే తట్టుకోలేవన్నాడు. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. తన బల్ల దగ్గరికి వెళ్ళి, తాళం తీసి, సొరుగులోంచి నాలుగు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

నా చేతిరాత. ఇంగ్లీషు క్లాసులో నేను రాసిన వ్యాసం.

మాకు చేతి పని ఒక్కటే సరిపోదు, డిగ్రీ కావాలంటే పార్కింగు అవతల భవనంలో ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర కూడా నెగ్గాలి. షాపు పిల్లలకు ఆ భవనం అంటే గుండెదడ. నాకు మాత్రం అక్కడ ఆర్డిత్ పామ్‌క్విస్ట్ మేడమ్ ఉండేది. నేను ఈ కాలేజీలో ప్రేమించిన మనిషి ఆవిడ ఒక్కతే. ప్రతి ఏడూ ఒకే వ్యాసం రాయించేది. మీకు బాగా తెలిసిన పని ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారో రాయండి అనేది. వంట కోర్సు పిల్లలు వంటగది గురించి, మేము షాపు గురించి రాసేవాళ్ళం. నేను పాడి పశువుల గేటు ఎలా తయారవుతుందో రాశాను. కాలేజీ ఇనుముతో, అభ్యాసం పేరుతో మా చేత చేయించి, శనివారం ట్రైలర్లో ఎక్కించి ఫ్రీటాస్ అన్నగారి పాల డైరీకి ఎలా పంపేవారో కూడా రాశాను. నేరం బయటపెడుతున్నానని నాకు తెలియదు. పనిలో అదొక మెట్టు అనుకున్నాను. చాలా బాగుంది, ఇది నా దగ్గరే ఉంచుకుంటాను అంది మేడమ్.

చివరి పేజీ తిప్పాను. కింద ఆవిడ పచ్చ సిరా. వెండెల్, ఈ పిల్ల ఇది ఇంకెవరికైనా ఇచ్చే లోపు సర్దుకో, కాలేజీ అధ్యాపకుల సెనేట్ ఎన్నికలో నాకు రావాల్సిన నీ వాళ్ళ ఓట్లు మర్చిపోవు కదా అని ఉంది. తేదీ నా పరీక్షకు ముందు మంగళవారం.

నేను పరీక్ష తప్పి వెళ్ళిపోతే గేట్ల సంగతీ నాతోనే పోతుంది, సర్దుకోవడమంటే అదన్నమాట. నేను యూనియన్‌కి పెట్టుకున్న దరఖాస్తుకు సిఫారసు ఉత్తరం రాసింది ఆవిడే. రెండూ ఒకే కలంతో రాసి ఉంటుంది.

“ఈ రోజుకి నిన్ను పిలిపించింది ఎవరనుకున్నావ్?” అన్నాడు ఫ్రీటాస్. “ఇప్పుడావిడ డీన్. వచ్చే నెల కాలేజీ ప్రెసిడెంటు కాబోతోంది. ఇది తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. నన్ను నీ చేత ఉద్యోగంలోంచి తీయించాలనుకుంది.”

ఇంతలో ఆవిడే వచ్చింది. అదే పొట్టి తెల్ల జుట్టు, అదే పువ్వుల బ్లౌజు, అదే మెత్తటి గొంతు. నన్ను కౌగిలించుకుంది. నేను కట్టెలా నిలబడ్డాను. ఫలితం కాగితం ఈ మధ్యాహ్నమే పైవాళ్ళకు పంపాలని, సంతకం అయిందా అని అడిగింది. వ్యాసం కాగితాలు నా పెట్టె కింద ఉన్నాయి, ఆవిడ చూడలేదు.

“తప్పాడు మేడమ్. వెంటనే రెండో పరీక్ష ఇస్తున్నాను. రెండు ప్లేట్లు.”

ఆవిడ చిరునవ్వు చెదరలేదు. అంత జాలి పనికిరాదంది. నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర అంది: “నీ పట్టీని అడ్డంగా సాన పట్టిన మనిషమ్మా అతను. నువ్వు అతనికి ఏం రుణపడ్డావని?”

అడ్డగీతల సంగతి నేను ఈ కాలేజీలో ఫ్రీటాస్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. అది కూడా ఒక గంట కిందట. ఆవిడకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. తెలిసి, నేను క్యానరీలో ఉన్నన్నాళ్ళూ ప్రతి క్రిస్మస్‌కు నాకు కార్డు పంపింది.

భుజం మీది చేతిని తీసి కింద పెట్టాను. తొమ్మిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మంట అంతా అప్పుడు వెండెల్ ఫ్రీటాస్‌ను వదిలి, ఈ పువ్వుల బ్లౌజు మనిషి వైపు తిరిగింది. పెట్టె పక్కకు జరిపి నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచాను. పచ్చ సిరా పేజీ పైకి పెట్టాను. ఆవిడ చూసింది. చూసి, పాత కాగితం, ఎవరైనా రాసి ఉండవచ్చు, ఒక్కదాన్ని పట్టుకుని ఏం చేస్తావని చాలా నెమ్మదిగా అంది.

ఫ్రీటాస్ తన బల్ల వైపు నడిచాడు. వెళ్ళి ఆ సొరుగును మొత్తంగా ఊడబెరికి తెచ్చి, బల్ల మీద బోర్లించాడు. వ్యాసాలు. ఏటేటా షాపు పిల్లలు రాసినవి, పదికి పైనే ఉంటాయి. అన్నిటి మీదా పచ్చ సిరా.

ఒంటిగంట అయింది. పిల్లలు నవ్వుకుంటూ, చేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తున్నారు. బల్ల చుట్టూ మేం ముగ్గురం నిలబడ్డ తీరు చూసి ఆగిపోయారు. ముందున్న మై సీ లోర్ అనే అమ్మాయి, సోమవారం పరీక్షకు అందరికన్నా ముందు పేరిచ్చిన పిల్ల, కిందపడిన ఒక వ్యాసం తీసి ఇవ్వబోయింది. ఇవ్వకుండా అలాగే పట్టుకుని చదివింది. మొదటి పేజీ, చివరి పేజీ. పెదవులు కదిలాయి.

“ఇది మా అక్క రాసింది,” అంది.

పామ్‌క్విస్ట్ మేడమ్ దాని కోసం చెయ్యి చాచింది. మై సీ ఒక అడుగు వెనక్కి వేసింది.

“పేపరే ఇవ్వలేదని మా అక్కని ఫెయిల్ చేశారు మేడమ్ మీరు. చదువు మానేసి వెళ్ళిపోయింది, ఇప్పటికీ మా ఇంటికి రాదు.” కాగితాన్ని తిప్పి అందరికీ కనబడేలా పట్టుకుంది. “మరి దీని మీద పచ్చ సిరాతో ‘ఎ’ గ్రేడు ఎవరు వేశారు?”